ద్రౌపది వేషం ఎవరిది?

"మేడమ్, మైనర్‌గా ఏం తీసుకోమంటారు?" అని ఒక విద్యార్థిని నన్నడిగింది. 2023-24 నుంచి మన డిగ్రీ కాలేజీల్లో ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. ఆ అమ్మాయి మేజర్ చరిత్ర. లిస్టంతా చూసి, "ఇందులో నాటకం ఉండుంటే తీసుకునేదాన్ని" అంది.

మైనరు అనే మాట మనకు కొత్తదేం కాదు. చట్టంలో అయితే పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు. ఊళ్ళో అయితే ఆస్తి తగలేసే జల్సారాయుడు. ఇప్పుడు చదువులో రెండో వరస సబ్జెక్టు. నాటకం ఆ రెండో వరసలో కూడా లేదు. మరి మా చిత్తూరు జిల్లా ఆడవాళ్ళకు నాటకం ఎక్కడ దొరికింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

నాకు నాటకం నేర్పింది మా అవ్వ. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఈ పద్ధతి అటు తమిళనాడు తెరుక్కూత్తుకి, ఇటు మాకు ఉమ్మడి ఆస్తి. కట్టె కిరీటాలు, భుజకీర్తులు, ఇద్దరు మనుషులు పట్టుకునే తెర. అవ్వ చాప తీసుకుని ముందు వరసలో కూర్చునేది. ద్రౌపది వేషం కట్టినవాడి గొంతు విని నేను నవ్వితే, "మొగోడే గానీ, ఈ పొద్దుకి ద్రౌపదమ్మే. దణ్ణం పెట్టుకో" అనేది.

అర్జున తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుతూ ఆకాశమంత ఎత్తు తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో మాను చుట్టూ నేలమీద సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం కొంగు పడతారు. చిన్నప్పుడు అదొక వేడుకగా కనిపించింది. తర్వాత ఆలోచిస్తే మాటలన్నీ పైనున్న మగవాడివి, కిందున్న స్త్రీలకు ఉన్నది మొక్కు మాత్రమే. ఆఖరి రోజు నేలమీద మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేస్తారు. వాడి వధ తర్వాత ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. మా అవ్వ ఏడ్చేది అప్పుడే. ఆ జుట్టు ముడి కూడా మగవాడిదే.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు ఈ సంగతి వేరేగా తెలుసు. ఆడపిల్లల్ని చెరిచే పాళెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ బైరాగి, బండ, తోటి వేషాలు కడుతుంది. దొర వేషంలో వాణ్ణి చంపుతుంది. ఆ గంగమ్మ వేషాలు కట్టేది కైకాల వంశపు మగవాళ్ళు. జాతర రోజుల్లో మామూలు మగవాళ్ళు కూడా చీర కట్టి, జడ వేసుకుని వీధుల్లోకి వస్తారు. అమెరికన్ పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఈ జాతర మీద ఒక పుస్తకం రాసింది. లోకమంతా స్త్రీ అయిపోయే వేళ అన్నది ఆ పుస్తకం పేరు సారాంశం. అందమైన ఆలోచన. కానీ లోకమంతా స్త్రీ అయిన ఆ వారం రోజుల్లోనూ వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్న నాకు మిగిలే ఉంది.

ఈ నేలమీదే తరిగొండ వెంగమాంబ (1730-1817) పుట్టింది. చిన్న వయసులోనే భర్త పోయినా జుట్టు తీయించుకోనన్న మనిషి. మనం ఆమెను భక్తురాలిగా తలుచుకుంటాం. తిరుమల అన్నదాన భవనానికి ఆమె పేరే పెట్టారు. కానీ శివనాటకం, బాలకృష్ణ నాటకం లాంటి యక్షగానాలు రాసిన నాటకకర్తగా మనలో ఎంతమంది చదివాం? భక్తి కింద ఆమె నాటకం కనిపించకుండా పోయింది.

తర్వాతి కాలం కథ మీకు తెలిసిందే. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన సమాజంలో ఇంటి ఆడవాళ్ళే స్త్రీ పాత్రలు వేశారు. అది కుటుంబ బృందం కాబట్టి సాగింది. బయట మాత్రం స్థానం నరసింహారావు లాంటి మగవాళ్ళే సత్యభామలు. ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ. ఆయనతో కలిసి కొమ్మూరి పద్మావతీదేవి రంగస్థలమెక్కింది. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. దాన్ని స్థాపించిన ఎన్.టి. రామారావు కాలేజీ రోజుల్లో వేసిన తొలి వేషం నాగమ్మ. మీసం తీయనన్నందుకు 'మీసాల నాగమ్మ' అన్న పేరొచ్చింది. మీసం తీయకుండానే మగవాడికి ఆడవేషం దొరికింది. ఆడదానికి మాత్రం వేషం కావాలంటే పరువు తీసి పక్కన పెట్టాలి.

నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు మా జిల్లా వీధి నాటకాల మీద రాస్తానంటే "అది చరిత్ర కాదమ్మా" అన్నారు. భూమిశిస్తు మీద రాశాను, మంచి మార్కులొచ్చాయి. ఇరవయ్యేళ్ళ తర్వాత ఒక సెమినార్‌లో పట్టుదలగా నాటకం మీదే పేపర్ చదివాను. మా ప్రాంతపు ప్రదర్శనల్లో స్త్రీలు ప్రేక్షకులు మాత్రమేనని అందులో గట్టిగా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ పేపర్‌ని ఈ అమ్మాయికి చదవమనిచ్చాను. మర్నాడు తెచ్చిచ్చి, తల దించుకుని అంది: "మా ఊర్లో మాతమ్మలు ఆడతారు గదా మేడమ్. మా అవ్వా ఆడింది."

నేను మాట్లాడలేకపోయాను. నాకు తెలియక కాదు. జిల్లా తూర్పు మండలాల్లో దళిత ఆడపిల్లల్ని మాతమ్మకు వదిలే ఆచారం తెలుసు. వాళ్ళు జాతరల్లో డప్పుల మధ్య ఆడతారనీ, ఊళ్ళో మగవాళ్ళు వాళ్ళను ఉమ్మడి సొత్తుగా చూస్తారనీ తెలుసు. 1988లో రాష్ట్రం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసిందనీ తెలుసు. చట్టంతోనే ఆచారం పోలేదనీ తెలుసు. అయినా వాళ్ళను 'సమస్య' అనే ఫైల్లో పెట్టాను గానీ 'ప్రదర్శన' అనే ఫైల్లో పెట్టలేదు. 'స్త్రీలు' అని నేను రాసినప్పుడు నా కళ్ళ ముందున్నది చాప మీద కూర్చున్న మా అవ్వ. ఎదురుగా డప్పుకి అడుగేస్తున్న ఆ పిల్ల అవ్వ కాదు. నాతో "అది చరిత్ర కాదు" అన్నవాళ్ళు చేసిన పనినే నేనూ చేశాను.

ఆమె ఆట కళ అని పొగిడితే హింసను కప్పినట్టవుతుంది. హింస అని మాత్రమే అంటే ఆమెకున్న విద్యను కాదన్నట్టవుతుంది. ఈ రెంటినీ కలిపి రాయగలిగే భాష నా దగ్గరింకా లేదు. బహుశా ఆ అమ్మాయి దగ్గర ఉంటుంది.

ఆమె చివరికి మైనర్‌గా వేరే సబ్జెక్టు తీసుకుంది. ప్రాజెక్టు మాత్రం వాళ్ళ అవ్వ మీదే చేస్తానంది. "అవ్వ ఒప్పుకుంటేనే, ఆమె వద్దన్నవి రాయకుండా" అని మేమిద్దరం ముందే అనుకున్నాం. పోయిన వారం ఫోన్ చేసింది. "అవ్వ పాట చెప్తానంది మేడమ్. కానీ ముందు నన్ను కూర్చుని వినమంది, రాసుకోవద్దంది."

వినమని చెప్పాను. నా పేపర్‌లో ఆ వాక్యాన్ని కొట్టేశాను.