కాగితం పడవ వయసెంత?

కాగితం పడవ మనకెక్కడిదని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. జపాన్ వాళ్ల ఓరిగామి ఆ చేతా ఈ చేతా మారి మన దాకా వచ్చిందన్నది ఒకటి. అమ్మమ్మల కాలం నుంచీ, ఆ మాటకొస్తే అనాదిగా, మన పిల్లలు చూరునీళ్లలో పడవలు వదులుతూనే ఉన్నారన్నది రెండోది. చదువుకున్నవాళ్లది ఇంకో కథనం. ఫ్రోబెల్, మాంటిస్సోరి వచ్చి చెప్పేదాకా పసిపిల్లల చేతిపనికి విలువుందని మనకు తెలియనే తెలియదట. మూడింటిలోనూ కొంత నిజముంది. కానీ పిల్లల చేతికి ఏ కాలంలో ఏ సరుకు ఊరికే దొరికేదో, దేన్ని చింపినా విరిచినా పెద్దలు కోప్పడేవారు కాదో ఈ మూడూ పట్టించుకోలేదు. ఇంట్లో పిల్లల ఆటపనుల చరిత్రను నడిపించింది ప్రధానంగా అదేనని నా అభిప్రాయం.

పాతకాలం సంగతి తొందరగా ముగించవచ్చు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో చారుదత్తుడి కొడుకు మట్టిబండి వద్దని, పొరుగింటి పిల్లవాడి బంగారు బండే కావాలని ఏడుస్తాడు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు దండిగా దొరికాయి. అన్నీ పిల్లలాడుకున్నవేనని మాత్రం అనలేం. పల్నాటి కథలో బాలచంద్రుడి బొంగరం ఉండనే ఉంది. అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి'లో పిల్లల ఆటల పేర్లు బారెడు జాబితాగా వస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో ఇలాంటి కావ్యాలను జల్లెడపట్టి ఆటల సమాచారం బయటికి తీశారు. తర్వాతివారిలో చాలామంది ఆ జాబితాలనే తిరగరాశారు.

నా పేచీ ఆ జాబితాలతోనే. కవులు పేరున్న ఆటను, పందెమున్న ఆటను, గెలుపోటములున్న ఆటను పద్యంలోకి ఎక్కించారు. ఓ మూల కూచుని ఈనెపుల్లతో తనకు తోచిందేదో చేసుకుంటున్న అయిదేళ్ల పిల్ల వాళ్ల కంట పడలేదు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలను ఈ చరిత్రలో కలిపేయడం ఇంకో అలవాటు. తెల్లపొణికి కర్ర చెక్కడం, లక్కపిడతలకు రంగు పట్టించడం పెద్దల వృత్తి; పిల్లలు వాటితో ఆడుకున్నారే తప్ప వాటిని చేయలేదు.

పిల్లలు చేసినవి వేరే ఉన్నాయి. ముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలు రెండింటిని పుల్లతో కలిపి, పంగలకర్రతో తోసుకుంటూ పోయే బండి. జొన్న కోతలయ్యాక దంటు పైబద్దను పళ్లతో ఒలిచి, లోపలి బెండును ముక్కలు చేసి, ఆ బద్దలనే మేకుల్లా గుచ్చి తయారుచేసే కళ్లజోడు, ఎడ్లబండి. కోనసీమలో కొబ్బరాకు బూర. దాని పనితనం చూడండి. ఆకు నుంచి ఈనె తీసేయాలి. మిగిలిన పట్టీని సన్నగా మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు కాస్త కాస్త బయటికి జరుపుతూ గరాటులా చుట్టాలి. సన్నని కొసలో చిన్న ఆకుముక్క మడిచి దూర్చాలి, తీసేసిన ఈనెనే విరిచి చివరి చుట్టు ఊడిపోకుండా గుచ్చాలి. చుట్టు వదులైతే గాలే వస్తుంది, మోత రాదు. పండగలకు ముడిపడినవీ ఉన్నాయి. ధనుర్మాసంలో చిన్న చిన్న పిడకలు నడుమ చిల్లి పెట్టి తట్టి, ఎండబెట్టి, భోగిమంటకు దండ గుచ్చేది పిల్లలే. ఇవతల తెలంగాణలో ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను పేర్చుకునేవారు.

వీటన్నిటికీ సరుకు పెద్దవాళ్ల పనిలోనో తిండిలోనో మిగిలిందే. దేనికీ కానీ ఖర్చు లేదు. ఆ రుతువు పోతే ఆ బొమ్మా పోతుంది, మళ్లీ ఏడాది దాకా దాని ఊసే ఉండదు.

మరి కాగితం ఎందుకు లేదు? అది మిగిలే వస్తువు కాదు కాబట్టి. పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా మన ఊళ్లలో చదువు తాటాకు మీదే ఎక్కువగా సాగింది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను జీతమిచ్చి కూచోబెట్టుకుని తాళపత్రాలకు కాగితం మీద ప్రతులు రాయించాడంటే, కాగితం ఎంత పెద్ద పనులకు వాడే వస్తువో తెలుస్తుంది. వీధిబడి పిల్లవాడు ఇసుకలో దిద్దాడు, ఆ తర్వాత పలక పట్టాడు. వాడి చేతికి చింపుకోవడానికి కాగితం రాలేదు. కోరుట్లలో చేతికాగితం తయారుచేసే కుటుంబాలుండేవి నిజమే, ఆ కాగితం లెక్కలకూ దస్తావేజులకూ పోయేది. హైదరాబాదులో పతంగుల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నగరంలో పల్చని కాగితం, వెదురుబద్ద, మైదా జిగురు పిల్లలకూ అందేవి. అయితే పతంగి కొనుక్కునే వస్తువు, అతికించే వస్తువు. మడతపెట్టే పని దానితో రాలేదు. పైగా నగరం దాటితే ఆ కాగితమూ లేదు.

అసలు వివాదమంతా సుమారు 1890 నుంచి 1930 దాకా నడిచిన కాలం గురించి.

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల బడి మొదలుపెట్టి, వాళ్ల చేతికి ఇవ్వాల్సిన వస్తువులకూ పనులకూ ఓ క్రమం ఏర్పరిచాడు. అందులో కాగితం మడతలొకటి. ప్రష్యా ప్రభుత్వం 1851లో ఆ బడులను నిషేధించినా పద్ధతి మాత్రం దేశదేశాలకూ పాకింది. మన వైపు అది చేరిందనడానికి గట్టి సాక్ష్యం మద్రాసులో 1893లో వెలువడిన ఓ పుస్తకం. రెవెన్యూ ఉద్యోగి టి. సుందరరావు కాగితం మడతలతో జ్యామితి నేర్పుతూ రాసిందది. ఆలోచన తనకు కిండర్‌గార్టెన్ కాగితాల పెట్టె నుంచే తట్టిందని ఆయనే పీఠికలో చెప్పుకున్నాడు. ఒక పక్క నునుపు, రంగు ఉన్న రెండు వందల చదరపు కాగితాలు, మడతలు నొక్కే పుల్ల, బొమ్మలతో సూచనలు ఆ పెట్టెలో ఉంటాయని వివరించాడు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించడంతో ఆ పుస్తకానికి పేరొచ్చి 1901లో చికాగోలో మళ్లీ అచ్చయింది.

దీన్ని చూపి, కాగితం మడత బడి ద్వారానే మన ఇళ్లలోకి వచ్చిందని తేల్చేయడం తొందరపాటు. సుందరరావు రాసింది జ్యామితి నేర్చేవారికీ నేర్పేవారికీ, అదీ ఇంగ్లీషులో. కిండర్‌గార్టెన్ పెట్టె కొనగలిగిన బళ్లు పట్టణాలవి. కానీ ఆయన పీఠికలోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మరీ మందమూ మరీ పల్చనా కాని ఏ కాగితమైనా పనికొస్తుందట. చాకు, చిత్తుకాగితాలు ఉంటే చాలట. నా దృష్టిలో ఆ పుస్తకంలో చరిత్రకు పనికొచ్చే వాక్యాలు ఇవే, ఎందుకంటే చిత్తుకాగితం అనే సరుకు మన ఇళ్లలో పోగుపడడం అప్పుడే మొదలవుతోంది. కృష్ణాపత్రిక 1902లో వచ్చింది. ఆంధ్రపత్రిక వారపత్రికగా 1908లో పుట్టి 1914లో దినపత్రిక అయింది. నిజాం రాష్ట్రంలో గోలకొండ పత్రిక 1926లో మొదలైంది. చదివేసిన పేపరు కిరాణా కొట్టుకు పోయి పొట్లమై ఇంటికి తిరిగొచ్చింది. పలక స్థానంలో మెల్లగా నోటుపుస్తకం చేరింది. రాజమండ్రి కాగితం మిల్లు 1920లలో పుట్టింది. సిర్పూరు మిల్లు 1938లో వచ్చి ఓ ఊరి పేరునే కాగజ్‌నగర్ చేసేసింది.

ఈ వాదానికి బలమైన ఆధారం పడవ మడతల్లోనే దొరుకుతుంది. ఫ్రోబెల్ కాగితం చదరం. ఓరిగామి కాగితమూ దాదాపు ఎప్పుడూ చదరమే. మన పిల్లలు చేసే మామూలు పడవ చదరంతో మొదలుకాదు. దీర్ఘచతురస్రాన్ని అడ్డంగా సగానికి మడుస్తాం, పై రెండు మూలలు నడిమికి దించుతాం, కింద మిగిలిన పట్టీలను ఇటూ అటూ పైకి లేపుతాం. ముందు టోపీ అవుతుంది, దాన్ని తెరిచి నొక్కి లాగితే పడవ. కింద పట్టీ మిగలాలంటే కాగితం పొడవుగా ఉండాలి. అంటే ఈ పడవ వార్తాపత్రిక ఆకారానికీ నోటుపుస్తకం పేజీకీ పుట్టింది. ఐరోపాలో వార్తాపత్రిక టోపీదీ ఇదే కుదురు. 1490 నాటి వెనిస్ ముద్రణ ఒకదానిలో ఇలాంటి పడవల్ని పోలిన బొమ్మ ఉందనీ అంటారు. అది కాగితం పడవేనా అన్నదానిపై పరిశోధకులకే అనుమానాలున్నాయి కాబట్టి దానిమీద నేను బరువు పెట్టను.

గాలిమర, కెమెరా లాంటివి మాత్రం చదరంతోనే మొదలవుతాయి. వీటికి నోటుపుస్తకం పేజీ సరిపోదు. అందుకే పిల్లలు పేజీ పై మూలను ఎదుటి అంచుకు చేరేలా ఏటవాలుగా మడిచి, మిగిలిన పట్టీని వెనక్కీ ముందుకూ మడతపెట్టి, ఆ గీత మీద నాలుకతో తడి చేసి, సాఫీగా చింపుతారు. ఆ చదరం బడి నుంచి వచ్చిందే అయి ఉండాలి. కాబట్టి రెండు పాయలు: పొడవు కాగితపు పాయ పేపరు నుంచి, చదరపు పాయ బడి నుంచి. రెండూ పిల్లల చేతిలో కలిసిపోయాయి. ఏ పిల్లవాడూ ఏ పేజీ పడితే ఆ పేజీ చింపడు, నోటుపుస్తకం సరిగ్గా నడిమి జంటపేజీ లాగుతాడు. వేరేచోట ఒకటి లాగితే దాని జోడీ పేజీ ఊడిపడుతుంది, మేస్టారికి దొరికిపోతాడు.

జపాన్ వాదానికి ఒక్క మాట. అక్కడ మడత కళ పాతదే, కొంగల మడతలమీద 1797లోనే పుస్తకం అచ్చయింది. కానీ 1876లో టోక్యోలో మొదటి కిండర్‌గార్టెన్ పెట్టినప్పుడు వాళ్లూ ఫ్రోబెల్ మడతలను తెచ్చుకుని తమవాటితో కలుపుకున్నారు. ఓరిగామి ప్రపంచమంతటా తెలిసింది ఇంకా తర్వాత, మడతల కళాకారుడు యోషిజావా 1954 పుస్తకమూ హిరోషిమా కాగితపు కొంగల కథా ప్రచారమయ్యాక. అప్పటికి మన వీధుల్లో పడవలు తేలుతున్నాయి.

అనాది వాదులకూ ఒక మినహాయింపు ఇవ్వాలి. కాగితం కొత్తదే అయినా మడిచే చెయ్యి కొత్తది కాదు. దొన్నె కుట్టడం, తమలపాకు చిలక చుట్టడం, తాటాకు పట్టీలు అల్లి బంతి చేయడం తెలిసిన ఇళ్లలోకి కాగితం వచ్చింది. అయితే 'మన ఇళ్లు' అనేటప్పుడు కాస్త ఆగాలి. పేపరు వచ్చే ఇల్లు, నోటుపుస్తకం కొనే ఇల్లు ఏవో మనకు తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం కూలి ఇళ్ల పిల్లలకు బెండూ బుర్రలే బొమ్మలు. కాగితం పడవ జ్ఞాపకాలు రాసుకున్నవాళ్లంతా ఇంచుమించు చదువుకున్న కుటుంబాలవాళ్లే కావడంతో అది తెలుగు బాల్యానికంతటికీ గుర్తయి కూచుంది.

తర్వాతి నాలుగు దశాబ్దాల గురించి రాసినవారు ఎక్కువ, జరిగింది తక్కువ. 1937 వార్ధా పథకం చేతిపనిని చదువుకు కేంద్రం చేసిందిగానీ, అది ఏడేళ్లు నిండినవాళ్లకు, అందులోనూ వడికిన నూలుకు లెక్క ఉండేది. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే గడిపింది. నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టడం లాంటి ఇంటిపనులను చదువులో కలిపినందుకు ఆమెను మెచ్చుకోవాలి. కానీ ఆమె తయారుచేయించిన పరికరాలను ఒకే సరైన తీరులో వాడాలి, వెల కూడా ఎక్కువ. అవి మామూలు ఇంటి గడప తొక్కలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘం స్థాపించి, 1945లో 'బాల' పత్రిక పెట్టి పిల్లలను మైకు ముందుకూ అచ్చులోకీ తెచ్చారు. దాని బలం పాటలో, మాటలో, నాటికలో ఉంది.

ఆ తర్వాత నాకు ముఖ్యంగా కనిపించేది అరవింద్ గుప్తా పని. 1970లలో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంతో మొదలుపెట్టి, అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు కట్టించాడు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. ప్రతి వీధిలో సైకిలు షాపు ఉన్నప్పుడు వాల్వ్ ట్యూబు చవక సరుకు. ఇప్పుడు అదే అగ్గిపుల్లల ఇల్లు కట్టాలంటే వాల్వ్ ట్యూబు కోసం ఊరంతా వెతకాలి. ఆయన చూపిన దారి మంచిదే. ఆ దారిలో వాడిన సరుకుకు కాలం చెల్లింది. దీన్ని గమనించకుండా ఆ నమూనాలనే ఇప్పటికీ వర్క్‌షాపుల్లో చేయించేవారిని చూస్తే నాకు కాస్త జాలేస్తుంది.

ఇక ఇవాళ్టి సంగతి. ఫోను పిల్లల చేతిపనిని మింగేసిందంటారు. నాకు ఫోను కంటే క్రాఫ్ట్ కిట్టు మీద అనుమానమెక్కువ. ముందే కత్తిరించిన ఫోమ్ ముక్కలు, లెక్కపెట్టి వేసిన పూసలు, అయ్యాక ఎలా ఉండాలో పెట్టె మీదే ఫొటో. పిల్ల చేయాల్సింది అతికించడమొక్కటే. ఫొటోలా రాకపోతే తల్లి సరిచేస్తుంది. బడి ప్రాజెక్టులు ఇంకా అన్యాయం. యూకేజీ పిల్లవాడు రేపు ఉదయానికి సౌరకుటుంబం తేవాలంటే రాత్రి స్టేషనరీ షాపుకు పరుగెత్తేది తండ్రి, థర్మాకోల్ కోసేది తల్లి, నిద్రపోయేది పిల్లవాడు. ప్రభుత్వమూ బొమ్మల మీద దృష్టి పెట్టింది. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 నుంచి నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసింది. 2023లోనే మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకోసం 'జాదుయీ పిటారా' పెట్టెను విడుదల చేసింది. చవక రంగుల్లోని సీసం పిల్లల నోట్లోకి పోకుండా ఆపితే సంతోషమే, చేతివృత్తులవాళ్లకు మినహాయింపునివ్వడమూ సబబే. కానీ ఇదంతా కొనే బొమ్మ గురించి, పంచే బొమ్మ గురించి. పిటారాలో బొమ్మలున్నాయి, పజిళ్లున్నాయి, తోలుబొమ్మలున్నాయి. పిల్లలు చింపితే అడిగేవారుండని వస్తువు అందులో ఎంత ఉందన్నది నా సందేహం. లెక్క చెప్పాల్సిన సామాను కదా, చాలాచోట్ల బీరువాలోనే భద్రంగా ఉంటుందని భయం.

ఈ కాలపు చిత్తు మరోలా ఉంది. కొరియరు అట్టపెట్టెలు వారానికి రెండైనా ఇంటికొస్తున్నాయి. మందపాటి అట్ట, లోపల ముడతల పొర, చుట్టూ గోధుమరంగు టేపు. మూడేళ్ల పిల్లకు అందులో కూచునే చోటుంది, ఆరేళ్లవాడికి కిటికీ కోసుకునేంత గోడ ఉంది. కత్తెర మాత్రం దీనికి సరిపోదు, పెద్దవాళ్లెవరో పక్కన కూచుని చాకుతో కోసి పెట్టాలి. ఆ పావుగంట దొరకని ఇళ్లలో పెట్టె అదే సాయంత్రం మడతపడి పాతపేపర్ల సంచిలోకి పోతోంది, దాని బదులు ఇంకో పెట్టెలో క్రాఫ్ట్ కిట్టు వస్తోంది.