సీసం లేని గాలి ఎవరికి ముందు?

2000 ఫిబ్రవరి 1న దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బంకుల్లోనూ ఆ రోజు నుంచే. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో మాత్రం సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లోనే వచ్చింది. కొత్త కార్లకు బిగించిన కన్వర్టర్లను సీసం పాడుచేస్తుంది కనుక, ముందు ఆ కార్ల కోసమే తెచ్చారు. తర్వాత రాష్ట్ర రాజధానుల వంతు. ఆఖరున మా ఊళ్లు.

అప్పటిదాకా ఈ ప్రమాదం ఎవరికీ తెలియదా? 1924లోనే అమెరికాలోని న్యూజెర్సీలో, పెట్రోలులో కలిపే టెట్రాఇథైల్ లెడ్ తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు చనిపోయారు. 1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వం జరిపిన సమావేశంలో కంపెనీలకు ఎదురుగా మాట్లాడినవాళ్లలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఒకరు. హార్వర్డ్‌లో తొలి మహిళా అధ్యాపకురాలు, సీసం పనిలో జబ్బుపడ్డ కార్మికుల ఇళ్లకు వెళ్లి చూసిన డాక్టరు. అయినా నిషేధించడానికి తగిన ఆధారాల్లేవని 1926లో కమిటీ తేల్చేసింది. హాని చేసేవాళ్లు కాదు, హాని పొందేవాళ్లే రుజువులు తేవాలన్నమాట. ఈ న్యాయం ఆడవాళ్లకు కొత్తదేమీ కాదు.

సీసం ఎముకల్లో కాల్షియం చోట చేరి దశాబ్దాలు నిలవుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముక కరిగి మళ్లీ రక్తంలోకొస్తుంది. మాయను దాటి బిడ్డకు చేరుతుంది. అందరికీ పెట్టి మిగిలింది తినే ఆడదానికి కాల్షియం తక్కువైతే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 1980ల్లో ప్రొద్దుటూరు రోడ్డు పక్క పెరిగిన ఆడపిల్ల 2000 తర్వాత తల్లయి ఉండొచ్చు. నిషేధం తేదీ ఆమె ఎముకలకు వర్తించదు. ఆమె పేర బండి ఉండాల్సిన పనీ లేదు.

సీసం తీసేస్తే ఆక్టేన్ కోసం కాన్సర్ తెచ్చే బెంజీన్ పెరిగే ప్రమాదముంది. దాన్ని 1 శాతానికి కట్టడి చేసిన భారత్ స్టేజ్-3 పెట్రోలు 2005లో హైదరాబాదుకొచ్చింది. మా ఊళ్లు 2010 దాకా ఆగాయి. మళ్లీ అదే వరస.

ప్రపంచంలో సీసపు పెట్రోలును అందరికంటే ఆఖరున, 2021లో, అల్జీరియా మానేసింది. హామిల్టన్ హెచ్చరించి అప్పటికి 96 ఏళ్లు. ఇంధన నియంత్రణ చరిత్రను చట్టాల తేదీలతో రాస్తే సరిపోదు. ఆ తేదీలు రాకముందు ఎవరి ఒంట్లో ఎంత చేరిందో కూడా రాయాలి. ఆ లెక్క మా ఊళ్ల ఆడవాళ్ల దగ్గర ఇంతవరకూ ఎవరూ అడగలేదు.