మట్టి పెంకు, ఇనుప పెంక: రాయచూరు సీమ వంటపాత్రలు

రాయచూరు జిల్లాలోని యాపలదిన్ని పేరును విడదీసి చూస్తే మొదటి భాగంలో వేపచెట్టు, రెండో భాగంలో మిట్ట కనిపిస్తాయి. వేపను యాప అనడం రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఉన్నదే, మిట్టను దిన్నె అనడం కర్నూలు జిల్లా గాజులదిన్నె వంటి పేర్లలో ఉన్నదే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేది 1956 నవంబరు 1న భాషారాష్ట్రాల ఏర్పాటుతో మైసూరు రాష్ట్రంలో చేరేవరకు హైదరాబాదు సంస్థానంలోనూ రాష్ట్రంలోనూ భాగంగా ఉండటంవల్ల, ఇక్కడి వంటింట్లో తెలుగు, కన్నడం, దక్కనీ మాటలు ఒకే పొయ్యి చుట్టూ చేరాయి. ఈ సీమ వంటపాత్రల చరిత్రను రాజవంశాల వరుసలో కాక జొన్నపంట వెంబడి చదవడమే సరైన పద్ధతి.

అయితే జొన్నకంటే పాతది కుండ. ఇదే జిల్లాలోని పిక్లిహాళ్‌లో 1950ల తొలినాళ్లలో రేమండ్ ఆల్చిన్, మస్కిలో 1954లో బి.కె. థాపర్ జరిపిన తవ్వకాల్లో నవీన శిలాయుగపు మట్టిపాత్రలు బయటపడ్డాయి. దక్షిణాదిలో క్రీ.పూ. 3000–1200 నడుమ విస్తరించిన ఆ కాలపు జనం ప్రధానంగా చక్రం లేకుండా చేతితోనే మలిచి నునుపుదేల్చిన బూడిదరంగు కుండల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు వండుకున్నారు. ఆ తరువాతి ఇనుపయుగంలో వచ్చిన నలుపు–ఎరుపు పాత్రలను ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, బోర్లించి కాల్చేవారని పండితుల అభిప్రాయం. గాలి తగలని లోపలి వైపు నల్లబడి, గాలి తగిలిన వెలుపలి వైపు ఎర్రబడేది. ఆల్చిన్ పాతపెంకులతోనే ఆగిపోకుండా, తన కాలపు దక్కను కుమ్మరి మట్టిపళ్లేలు చేసే తీరుపై 1959లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయడం మెచ్చదగిన పని. తవ్వకంలో దొరికిన పెంకుకు, సంతలో అమ్మే కుండకు మధ్య ఉన్న బంధుత్వాన్ని ఆయన గుర్తించారు.

మట్టిపాత్రల్లో ప్రతిదానికీ ఒక పని, ఆ పనికి తగిన రూపం ఉండేవి. సంగటికి మూతి వెడల్పైన కుండ, పులుసుకు చట్టి, గింజలు వేయించడానికి మంగలం, నీళ్లకు కడవ వాడేవారు. కొత్తకుండను నేరుగా పొయ్యిమీద పెట్టక, ముందు నీళ్లలో నానబెట్టి, గంజి పోసి కాచేవారు. గంజిలోని పిండి పదార్థం మట్టిలోని సన్నరంధ్రాలను పూడ్చడంవల్ల కుండ కారడం తగ్గేది. నీటికుండ విషయంలో మాత్రం ఆ రంధ్రాలే కావాలి: వాటిగుండా బయటికి ఊరిన చెమ్మ ఆవిరైపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది.

జొన్నరొట్టె సంగతి మరింత వివరంగా చెప్పవలసినది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు గనుక, మరిగిన ఎసరు పోసి కలిపి, వేడిగా ఉండగానే మెదిపి, ముద్దను పొడిపిండిపై పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతూ పలుచన చేస్తారు. దాన్ని కాలిన పెనం మీద వేసి, పైవైపున తడిగుడ్డతో గానీ తడిచేత్తో గానీ నీళ్లు అద్ది, ఆ తడి ఆరగానే తిరగేస్తారు. కట్టెలపొయ్యి అయితే చివరికి నిప్పులకు ఆనించి నిలబెడితే రొట్టె పొంగుతుంది. ఈ పెనాన్ని తెలంగాణలో ‘పెంక’ అంటారు. పగిలిన కుండముక్క, ఇంటికప్పు పలక రెండూ తెలుగులో ‘పెంకు’లే. కన్నడంలో ‘హంచు’ అనే మాటకు కప్పుపెంకు, రొట్టెపెనం అనే రెండర్థాలూ ఉన్నాయి. పెనం ఇనుముగా మారినా పేరు మట్టిని విడిచిపెట్టలేదని ఈ రెండు భాషల సాక్ష్యం సూచిస్తున్నది.

ఇత్తడి, రాగి పాత్రలు కలిగిన ఇళ్లవి. చింతపండు పులుపు తగిలితే చిలుము పట్టి విషమయ్యే ప్రమాదం ఉండటంవల్ల వాటికి కళాయి తప్పనిసరి. అంటే పాత్రను కాచి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని లోపల పలుచగా పూయడం. సిల్వరు అని జనం పిలిచే అల్యూమినియానికి ఆ ఖర్చు లేదు. 1898 ప్రాంతంలో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చొరవతో దాని పాత్రల తయారీ మొదలైంది. తేలిక, చవక, పగలకపోవడం అనే మూడు గుణాలతో ఆ లోహం క్రమంగా కుమ్మరి బేరాన్నీ కళాయివారి పనినీ కూడా దెబ్బతీసింది.

అయినా ఈ సీమలో సంగటికుండను వెనక్కి నెట్టినది లోహం ఒక్కటే కాదు, కాలువనీరు కూడా. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీరు రావడం మొదలయ్యాక, ఎడమకాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలు వరిపొలాలయ్యాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు ‘క్యాంపు’లనే పేరుతో ఊళ్లు కట్టుకున్నారు. పొలం మారితే వంట మారింది, వంట మారితే పాత్ర మారింది. 1959లో దేశంలో తయారీ మొదలైన ప్రెషర్ కుక్కరు, 2016లో మొదలైన ఉజ్జ్వల పథకంతో పేదల ఇళ్లకూ చేరిన గ్యాసుబండ ఆ మార్పును పూర్తిచేశాయి. గుండ్రని అడుగున్న కుండ మూడురాళ్ల పొయ్యిలో కుదురుగా కూర్చుంటుంది, గ్యాసుపొయ్యి మీద నిలవదు.

నేడు నగరాల దుకాణాల్లో ఆరోగ్యం పేరుతో అమ్ముడవుతున్న చదునైన అడుగు మట్టిపాత్రలను పునరుద్ధరణ అనడం తొందరపాటు; అవి పాత వంటింటి అవసరం నుంచి పుట్టినవి కావు. అవసరం ఉన్నచోట పాతపాత్ర ఎవరూ పూనుకోకుండానే నిలిచింది. జొన్నరొట్టె తినే ఇంట్లో గ్యాసుపొయ్యి మీదనైనా పెంక ఉంటుంది. నలభై డిగ్రీలు దాటే రాయచూరు ఎండల్లో ఫ్రిజ్ పక్కనే నీటికుండ ఉంటుంది. సరిహద్దుకు అటు తెలంగాణలో పెళ్లి కుదిరితే ఐరేని కుండలు ఇప్పటికీ కుమ్మరి ఇంటి నుంచే రావాలి.