చౌహద్దులు

మా అబ్బా బతికినంతకాలం కిరాయి ఇంట్లోనే బతికాడు. యాకుత్‌పురాలో రెండు గదులు, పైన రేకులు. అమ్మీకి ఒకటే కోరిక, సెహన్ ఉన్న సొంత ఇల్లు. గోషాలో బతికే ఆడదానికి ఆకాశం కనబడే చోటు అదొక్కటే కదా!

ఇంటి మాటెత్తితే మిత్రులు నవ్వేవాళ్ళు. "హైదరాబాదంతా మీదే కదా భాయ్!" 1591 నాటి చార్మినార్ నుంచి ఏడో నిజాం సర్ఫెఖాస్ భూముల దాకా అన్నీ మా ఖాతాలోనే రాస్తారు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, సరే. జాగీర్దారుకు పరిహారమన్నా ముట్టింది. దేవిడీలో నీళ్ళు మోసినవాడికి, గుర్రాలు కాసినవాడికి, 1948 పోలీసు చర్యతో నౌకరీ పోయిన జవానుకి దక్కిందేమిటి? మా దాదా ఆ జవాన్లలో ఒకడు. నవాబుల భూమి లెక్క మాత్రం మమ్మల్ని అడుగుతారు.

పేదల ఇళ్ళ గురించి సర్కారు గట్టిగా ఆలోచించింది 1908 మూసీ వరద తర్వాతే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి ఇళ్ళు కట్టింది. ఆ బోర్డే కట్టిన పత్తర్‌గట్టిని అందరూ మెచ్చుకుంటారు, ఆ ఇళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. పాతబస్తీలో చాలామంది మామూలు ముస్లింలకు సొంత నేల వచ్చింది 1970లలో గల్ఫ్ దారి తెరుచుకున్నాకే. మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు ఎడారిలో ఒళ్ళు హూనం చేసుకుని అరవై గజాలో, ఎనభై గజాలో కొన్నారు.

నేను గల్ఫ్ పోలేదు. పత్రికలో పనిచేస్తూ 2018లో ఇల్లు కొనబోయాను. మొదట మూసీ అవతల వెతికాను. నా తెలుగుకు వంక పెట్టేవాళ్ళు లేరు. ఫోన్లో బేరం నడిచేది, ఎప్పుడొస్తారని కూడా అడిగేవాళ్ళు. పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చామండీ." ఇలా నాలుగుసార్లు. ఐదోసారి పేరు ముందే చెప్పాను, బేరం దాకా కూడా రాలేదు.

మళ్ళీ మా గల్లీకే వచ్చాను. తొంభై గజాలు, చిన్న సెహన్, బోరు. బ్యాంకు అప్పంటే సూద్, అమ్మీ ఒప్పుకోలేదు. చిట్టీ ఎత్తాం, మా ఆవిడ నగలు అమ్మాం, బావమరిది కొంత సర్దాడు. డబ్బు కన్నా కాగితాలే ఎక్కువ ఏడిపించాయి. షరియత్ లెక్కన వారసులు ఏడుగురు తేలారు. కొడుకుకి రెండు వంతులు, కూతురికి ఒకటి, అందరి సంతకాలూ కావాలి. జిద్దాలో ఉన్న ఆడబిడ్డ అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపింది. వకీలు సాబ్ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం వేరు. "ఈ ఖాందాన్‌లో కరాచీ పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నరా?" 1950 కాందిశీకుల ఆస్తుల చట్టం, 1968 శత్రు ఆస్తి చట్టం మా ఇళ్ళల్లో నేర్పిన భయం అది. ఒక్క అన్న సరిహద్దు దాటితే ఇక్కడున్న తమ్ముళ్ళు తమ గోడలు తమవేనని రుజువు చేసుకోవాల్సి వచ్చేది.

పాత దస్తావేజు 1347 ఫస్లీ నాటిది, అంటే 1937-38. ఉర్దూలో ఉంది. లేఖరికి ఉర్దూ రాదు. నేను చదువుతుంటే ఆయన తెలుగులో రాసుకున్నాడు. ఖరీదు, వారసులు, హక్కు, దాఖలా, రసీదు... వీటికి తర్జుమా అవసరమే పడలేదు. ఈ నేల కాగితాల్లో మా భాష అందరి నోటా ఆడుతుంది, మా పేర్లే అడ్డం.

హద్దుల దగ్గర ఆగిపోయాను. షుమాల్, అంటే ఉత్తరం: ఒక కంసాలి మకాన్. ఆ ఇంటి పిల్లలతో నేను గోలీలాడాను. 1990 డిసెంబర్ గొడవల రాత్రుల్లో ఆ తలుపు ముందు మా గల్లీవాళ్ళు కాపలా ఉన్నారని అబ్బా గొప్పగా చెప్పేవాడు. ఏడాది తిరక్కుండా వాళ్ళు ఇల్లమ్ముకుని మూసీ దాటిపోయారు. అవతలి బస్తీల్లోంచి మావాళ్ళు ఇటు వచ్చారు. కాపలా ఉన్నా ఎందుకు పోయారని నేను అబ్బాను ఏనాడూ అడగలేదు. ఎంత తక్కువకు అమ్మారో గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాటెత్తరు.

లేఖరి పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. "ఉత్తరం ఇప్పుడెవరిది సార్?"

చెప్పాను. మావాళ్ళ పేరే. రాసుకున్నాడు.