పరభాషా రాజ్యంలో తెలుగు గ్రంథాలయం

సోలాపూరులోని జోడ్‌భావి పేట్ నేతపనివారి పేట. నిజాం రాజ్యపు తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలీలు ఈ నగరంలో స్థిరపడ్డారు. 1877లో మొదలైన బట్టల మిల్లు, దాని వెంట వచ్చిన మిల్లులు, చేమగ్గాలు, తరువాతి మరమగ్గాలు వీరికి బతుకుతెరువు చూపాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. ఇటువంటి చోట మాట కొన్ని తరాలు నిలుస్తుంది. ముందుగా జారిపోయేది లిపి. లిపిని నిలిపే సాధనాల్లో బడి తరువాత చెప్పవలసింది గ్రంథాలయమే.

ఈ స్థితి వలస వచ్చినవారికే ప్రత్యేకం కాదు. వారు విడిచివచ్చిన నిజాం రాజ్యంలోనూ పాలన ఉర్దూలో సాగేది. తెలుగుకు ఆదరణ లేదు. ఆ కాలంలో, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు దీని స్థాపనకు పూనుకొన్నారు. లక్ష్మణరావు నాగపూరులో చదువుకొని, మరాఠీలో వ్యాసాలు రాసిన పండితుడు కావడం ఇక్కడ గమనించదగిన విషయం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయ స్థాపనను తన ఆశయాల్లో చేర్చుకొంది. ఇవేవీ సర్కారు కట్టించినవి కావు; చదువరులే ఒక సంఘంగా కూడి నిలబెట్టుకొన్నవి.

స్వాతంత్ర్యం తరువాత రాష్ట్రాల దారులు వేరయ్యాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయించి, ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు అప్పగించింది. 1967 నాటి మహారాష్ట్ర చట్టంలో అటువంటి పన్ను లేదు. అక్కడ వాచనాలయాలను ఎక్కువగా స్థానిక సంఘాలే నెలకొల్పుతాయి. ప్రభుత్వం వాటిని గుర్తించి, తరగతులుగా విభజించి గ్రాంటు ఇస్తుంది.

అంటే, మహారాష్ట్రలోని తెలుగు పేటకు నేటికీ 1901 నాటి మార్గమే దిక్కు. పేటవారు పూనుకొంటేనే తెలుగు పుస్తకాల బీరువా వస్తుంది. ఆ బీరువా తెరిచి ఉండాలంటే పుస్తకం అడిగే పాఠకుడుండాలి. గ్రాంటుతో పుస్తకాలు కొనవచ్చు, పాఠకులను కొనలేము. మాతృభూమికి దూరంగా తెలుగు చదువుతున్న విద్యార్థులు తమ పేటలోని చిన్నవారికి అక్షరాలు నేర్పడమే ఈ కృషిలో మొదటి మెట్టు. భాషా నిలయాల చరిత్ర మనకు చెప్పేది ఇదే.