ఉప్పల్–నాచారం ప్రాంతపు వలస పక్షులు

హైదరాబాద్ తూర్పు భాగంలో ఉప్పల్, నాచారం, రామంతాపూర్ చెరువులకూ మూసీ ఒడ్డుకూ చలికాలంలో చేరే పక్షుల్లో ఎక్కువ భాగం మధ్య ఆసియా వలస మార్గానికి చెందినవి. దీనికి భిన్నంగా దక్షిణ అమెరికాలో వలస రెండు దిక్కుల నుంచీ ఉంటుంది: ఉత్తర అమెరికా పక్షులు అక్కడికి దిగుతాయి, అర్జెంటీనా దక్షిణాది పక్షులు తమ చలికాలంలో అమెజాన్ వైపు వెళ్తాయి. దక్కనుకు దక్షిణాన సముద్రమే కాబట్టి ఇక్కడ దక్షిణం నుంచి జరిగే ఆ రెండో రాక దాదాపు లేదు. తొలకరికి ఆఫ్రికా నుంచి వచ్చే చాతకాన్ని దానికి కొంత దగ్గరగా చెప్పవచ్చు. అయితే దక్షిణ భారతంలో ఏడాదంతా ఉండిపోయే చాతకాలూ ఉన్నాయి.

హైదరాబాద్ రాజ్యపు పక్షులపై తొలి సమగ్ర పరిశీలన సలీం అలీది. ఆయన సర్వే 1931–32లో సాగింది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933–34లో వెలువడింది. పక్షుల ఉనికికి సంబంధించినంత వరకు మొదటి తేదీనే లెక్కలోకి తీసుకోవాలి.

నేటి పక్షుల విస్తరణను చెరువుల కంటే మురుగునీరే ఎక్కువగా నిర్ణయిస్తోంది. అంబర్‌పేట, నాగోల్ పాత శుద్ధి కేంద్రాల సామర్థ్యం రోజుకు వరుసగా 33.9 కోట్లు, 17.2 కోట్ల లీటర్లు. నగరం వదిలే ఈ నీటివల్ల ఉప్పల్ దిగువన మూసీ ఎండాకాలంలోనూ పారుతుంది. పీర్జాదిగూడ వైపు ఆ నీటితోనే పశువుల కోసం పారాగడ్డి పెంచుతారు. గడ్డి కోసిన మడిలో పసుపు జిట్టంగి తోక ఊపుతూ ఈగల వెంట పరుగెడుతుంది. పక్క బురదలో ఉల్లంకి పిట్టలు ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. జిట్టంగిని పాత పుస్తకాలు ఒకే జాతిగానూ, ఇటీవలి జాబితాలు తూర్పు, పడమటి జాతులుగానూ చూపుతాయి. చలికాలపు ఈకలతో ఉన్నప్పుడు రెంటినీ విడదీయడం కష్టం కనుక, క్షేత్ర నమోదులకు పాత పద్ధతే క్షేమం. పొడవాటి గులాబీ కాళ్ల నల్లరెక్కల ఉల్లంకి మాత్రం దూరదేశపు వలస పక్షి అని చెప్పలేం. నీటిని బట్టి దేశంలోనే చోటు మారుస్తుంటుంది.

గులాబీ గోరింకలు మిడతలు సమృద్ధిగా దొరికే మధ్య ఆసియా, ఆగ్నేయ ఐరోపా మైదానాల్లో పిల్లలు చేస్తాయి. కొన్ని గుంపులు జూలై, ఆగస్టుల్లోనే భారతదేశం చేరతాయి. ఏప్రిల్‌కల్లా చాలావరకు తిరుగుముఖం పడతాయి. వెళ్లేముందు బూరుగ, మోదుగ పూలపై మూగుతాయి, జొన్నచేలపైనా పడతాయి.

పొన్నంగి పిట్టకు నగరం ప్రధానంగా దారిలోని మజిలీయే. మే నెల ప్రయాణంలో అలసి ఇళ్ల పెరళ్లలో దిగిన పొన్నంగిని నీడన పెట్టి, కాసేపు కదిలించకుండా వదిలితే చాలాసార్లు తేరుకుని ఎగిరిపోతుంది.