తలారి: బిరుదు నుండి ఉరికంబం వరకు

ఉరిశిక్షను అమలు జరిపే వ్యక్తిని నేటి తెలుగు పత్రికలు ‘తలారి’ అంటాయి. వాడుకలో స్థిరపడినప్పటికీ, గ్రామచరిత్ర దృష్ట్యా ఈ ప్రయోగం పునఃపరిశీలించదగినది.

క్రీ.శ. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనాలలో ‘మహాతలవర’ అనేది ఉన్నతాధికార బిరుదు. ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి భర్త ఖందసిరి మహాసేనాపతి, మహాతలవరుడు. ఆ తలవర శబ్దమే తలవరి, తలారిగా మారి గ్రామ కావలికాని పేరయింది. బ్రౌను నిఘంటువు (1852) చెప్పే అర్థమూ ప్రధానంగా కావలివాడే. పొలిమేర తగవులలో సాక్ష్యం చెప్పడం, పంటకు కాపలా, దొంగల అడుగుజాడలు తీయడం, శిస్తు సొమ్ముకు తోడు వెళ్లడం అతని పనులు. ఉరితాడుతో అతనికి పని లేదు. జానపద కథలలో మాత్రం రాజాజ్ఞపై నేరస్థుని వధ్యస్థలానికి తీసుకుపోయేది తలారే. పట్టుకొనేవాడే చంపేవాడన్న భావన అక్కడ బలపడి ఉండవచ్చు.

ఉరి వేరొక రాజ్యవ్యవస్థది. 1847లో కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని బహిరంగంగా ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు. 1858లో గోదావరి మన్యం అంచున కొరుటూరు సుబ్బారెడ్డికీ ఉరే. ఈ ఘటనలలో ఉరి పడినవారి పేర్లు జనం నోట నిలిచాయి; తాడు లాగిన చేతులకు పేరు లేదు. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించాడు. ఎడమగట్టు భద్రాచలం 1874లో గోదావరి జిల్లాలో చేరగా, కుడిగట్టు మణుగూరు నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. ఒకే కోయ జనపదానికి రెండు చట్టాలు, రెండు చెరసాలలు!

కాలక్రమంలో ఉరికంబం జైలు గోడల లోపలికి వెళ్లింది. అప్పటినుండి ఈ పని కొలతలతో కూడినది. ఖైదీ బరువును బట్టి తాడు జారవలసిన పొడవును నిర్ణయిస్తారు. తేలికైన దేహానికి ఎక్కువ పొడవు కావాలి. ఇసుక బస్తాతో ముందే తాడును పరీక్షిస్తారు. లెక్క తప్పితే మెడ విరగక ఊపిరాడని యాతన, లేదా శిరస్సు తెగడం. శరీరాన్ని అరగంట వేలాడనిచ్చి, వైద్యుడు ధ్రువీకరించాకే దింపుతారు. కిందపడిన పలకకూ, పైనున్న న్యాయమూర్తి సంతకానికీ నడుమ నిలిచే ఈ మనిషి ప్రభుత్వోద్యోగి, లేదా ప్రభుత్వం పిలిపించినవాడు.

తెలంగాణ సాయుధ పోరాట ఖైదీలు 12 మంది ఈ పలకదాకా వెళ్లి తప్పించుకున్నారు. ఆంగ్ల న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి పక్షాన వాదించారు. చివరకు శిక్ష యావజ్జీవంగా మారింది. అత్యవసర పరిస్థితిలో భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఆ అవకాశం దక్కలేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో వారిని ఉరితీశారు. ఆ జైలు స్థలంలో నేడు గాంధీ ఆసుపత్రి ఉంది.

తలారి ఇప్పటికీ ఎన్నో కుటుంబాల ఇంటిపేరు. ఊరిని కాచినవారి వారసులు వారు. ‘ఉరి అమలు ఉద్యోగి’ అనడం పత్రికలకు కష్టమేమీ కాదు.